చుక్కి పొట్టలో తీగముక్క

ముందురోజు పొద్దున ఎనిమిది లీటర్లు ఇచ్చిన ఆవు మర్నాడు మూడు దగ్గర ఆగిపోయింది. పొదుగు పట్టి చూశాను. వేడి లేదు, గట్టిదనం లేదు, పాలలో ముక్కలు లేవు. పొదుగువాపు కాదని తేలగానే నాకు ధైర్యం వచ్చేసింది. జబ్బు పొదుగులో లేకపోతే అదేమంత పెద్దది కాదన్న లెక్క నాది.

చుక్కి మూడో ఈత ఆవు. ఈని అప్పటికి ఐదు వారాలు. రాత్రి వేసిన గడ్డి తొట్టిలో సగం అలాగే ఉంది. దాణా ముందు పెడితే వాసన చూసి మూతి తిప్పేసుకుంది. ఎడమ డొక్క కాస్త నిండుగా కనిపించింది కానీ, ఉబ్బరం వచ్చినప్పటిలా డోలులా బిగుసుకోలేదు. ఈనిన ఆవుకి దాణా పెంచుతున్న రోజులు కదా, ఎక్కువై అజీర్తి చేసి ఉంటుందనుకున్నాను. దాణా ఆపేసి, ఇంట్లో ఉన్న అరుగుదల పొడి పట్టించాను. తెలిసినవాళ్ళొకరికి ఫోన్ చేస్తే విరేచనానికి మందు పట్టమన్నారు, పేడ జారితే అదే సర్దుకుంటుందన్నారు. అదీ పట్టాను. అలా రెండు రోజులు పోయాయి.

మా అత్తయ్యకి మాత్రం మొదటి రోజు సాయంత్రమే అనుమానం వచ్చింది. మా కొట్టం కొంచెం ఎత్తులో ఉంటుంది. నీళ్ళ తొట్టి దగ్గరికి పోవాలంటే పల్లం దిగాలి. చుక్కి ఆ పల్లం ఆగి ఆగి దిగింది, దిగుతూ సన్నగా మూలిగింది. తిరిగి ఎక్కేటప్పుడు మాత్రం ఏ ఇబ్బందీ లేదు.

"అజీర్తి చేసిన ఆవు ఇలా మూలగదమ్మాయ్. దీనికి లోపలెక్కడో పోటు ఉంది" అన్నారు.

నేను వినిపించుకోలేదు. ఇప్పుడు తలుచుకుంటే అన్నీ కళ్ళముందే ఉన్నాయి. వెన్ను విల్లులా పైకి వంచి నిలబడేది. ముందుకాళ్ళ మోచేతులు ఒంటికి ఆనకుండా పక్కలకి ఎడంగా పెట్టేది. పడుకోవాలంటే చాలాసేపు తటపటాయించేది. పేడ కొంచెమే, అదీ గట్టిగా వేసేది. అన్నిటికన్నా ముఖ్యం, నెమరు ఆగిపోయింది. ఆవు రోజులో ఆరు నుంచి ఎనిమిది గంటలు నెమరుకే పెడుతుంది. అది ఆగిపోయిందంటే కొట్టంలో ఏదో వెలితిగా, నిశ్శబ్దంగా ఉంటుంది. ఆ నిశ్శబ్దం కూడా నాకు పట్టలేదు.

మూడో రోజు డాక్టర్ గారు వచ్చారు. ఆవిడ చుక్కిని ముట్టుకోకుండా ముందు ఐదు నిమిషాలు ఊరికే చూశారు. తర్వాత థర్మామీటర్ పెట్టారు. 103.4. ఆవుకి మామూలుగా 101.5 అటూ ఇటూ ఉంటుంది, కాబట్టి జ్వరం ఉంది కానీ మరీ ఎక్కువ కాదు. ఎడమ డొక్క గుంటలో పిడికిలి ఆనించి గడియారం చూస్తూ నిలబడ్డారు. నన్నూ పెట్టమన్నారు. ఆరోగ్యంగా ఉన్న ఆవు రూమెన్, అంటే పొట్టలోని పెద్ద గది, నిమిషానికి ఒకటి రెండు సార్లు అలలా కదిలి పిడికిలిని బయటికి నెడుతుందట. చుక్కి దగ్గర రెండు నిమిషాలు నిలబడితే ఒక్కసారి, అదీ నిద్రలో కదిలినంత నెమ్మదిగా తగిలింది.

అసలు పరీక్ష తర్వాత చేశారు. స్టెతస్కోపు చుక్కి మెడ మీద, శ్వాసనాళం దగ్గర పెట్టి, మా మరిదిని రెండు చేతులతో మూపు దగ్గరి చర్మాన్ని గట్టిగా పట్టి నొక్కమన్నారు. అలా నొక్కితే మామూలు ఆవు వీపును కిందికి జార్చుతుంది. మా ఇంకో ఆవు మీద చేసి చూపించారు, అది వెంటనే నడుము కుంగించింది. చుక్కి మాత్రం కొయ్యలా బిగుసుకుపోయింది. వీపు దించితే పొట్ట ముందు భాగం సాగుతుంది, అది సాగితే నొప్పి, అందుకే దించదు. తర్వాత ఒక లావాటి కర్ర తెప్పించి, ముందుకాళ్ళ వెనక, రొమ్ము ఎముక చివర కింద అడ్డంగా పెట్టించారు. ఒకవైపు నేను, ఇంకోవైపు మరిది. మెల్లగా పైకెత్తి ఒక్కసారిగా వదలమన్నారు. వదిలాం.

చుక్కి "హుఁ" అంది. స్టెతస్కోపు అక్కర్లేకుండా అందరికీ వినిపించింది. అత్తయ్య నా వైపు చూసి ఏమీ అనలేదు. అంటేనే బాగుండేది.

"లోపల ఇనుపముక్క ఏదో గుచ్చుకుంటున్నట్టుంది" అన్నారు డాక్టర్ గారు. పేడలో వేలుపెట్టి చూస్తూ, మేత ఎక్కడ కోస్తారు, దేనితో కోస్తారు అని అడిగారు. గడ్డిని ముక్కలుగా కోసే చాఫ్ కట్టర్ యంత్రం ఉందని చెప్పాను. తల ఊపారు.

ఇనుము తినడమేమిటని నాకు అనుమానం. కూర్చోబెట్టి చెప్పారు. ఆవుకి పై దవడలో ముందుపళ్ళు ఉండవు. నాలుకతో గడ్డిని చుట్టి లోపలికి లాక్కుంటుంది. ఆ నాలుక మీది గరుకు ముళ్ళు గొంతువైపు వంగి ఉంటాయి, లోపలికి పోయిన దాన్ని బయటికి నెట్టడం కష్టం. పైగా మొదటిసారి సరిగ్గా నమలదు, తర్వాత నెమరు వేసుకోవచ్చు కదా అన్నట్టు మింగేస్తుంది. మేక పెదాలతో ఏరుకుని తింటుంది కాబట్టి దానికి ఈ జబ్బు చాలా అరుదు. మింగిన బరువైన వస్తువు రెటిక్యులంలోకి చేరుతుంది. నాలుగు గదుల పొట్టలో అన్నిటికన్నా ముందున్న చిన్న గది అది. లోపలి గోడ తేనెపట్టులా గళ్ళుగళ్ళుగా ఉంటుంది. మేకు, తీగ ఏదైనా ఆ గళ్ళలో చిక్కుకుంటుంది. నిమిషానికోసారి ఆ గది ముడుచుకుంటుంది, ముడుచుకున్నప్పుడల్లా మొన కొంచెం కొంచెం గోడలోకి దిగుతుంది. ఆ గోడకి ముందు డయాఫ్రం, అంటే పొట్టనీ ఛాతీనీ వేరుచేసే కండరం పొర, దాన్ని దాటితే కొన్ని సెంటీమీటర్ల దూరంలో గుండె.

"కొన్ని సెంటీమీటర్లా?" అన్నాను.

మెడ పక్కన రక్తనాళం ఉబ్బిందా, గంగడోలు కింద నీరు చేరిందా అని ఆవిడ అప్పటికే చూసేశారు. రెండూ లేవు. గుండె చప్పుడు కూడా స్పష్టంగా ఉంది. గుండె సంచిలో చీము పట్టేస్తే ఆ చప్పుడు దూరంగా, నీళ్ళు కలిపినట్టు వినిపిస్తుందట. అక్కడి దాకా పోతే ఇక చేయగలిగింది చాలా తక్కువ. ఈత సమయంలో ముక్కుతుంది, కడుపులో బరువు అటూ ఇటూ మారుతుంది. అంతవరకూ నెలల తరబడి ఊరికే పడున్న ముక్క అప్పుడు గుచ్చుకోవడం మామూలే అన్నారు.

వెంటనే ఆపరేషన్ అనలేదు. చాలా ఆవులకి మందులతోనే తగ్గుతుంది కాబట్టి ముందు అదే చేద్దామన్నారు. వేలంత లావు, వేలంత పొడవున్న నున్నటి అయస్కాంతాన్ని మాత్రల గన్‌తో గొంతులోకి దించారు. యాంటీబయాటిక్, నొప్పికి ఇంజెక్షన్ ఇచ్చారు. ముందుకాళ్ళ కింద చెక్కలు పేర్చి ఒక జానెడు ఎత్తు చేసి, అలాగే కట్టేసి ఉంచమన్నారు. ముందుభాగం ఎత్తులో ఉంటే లోపలి బరువంతా వెనక్కి వాలుతుంది, తీగ గోడలోంచి జారి కిందపడే అవకాశం ఉంటుంది. పడితే అయస్కాంతం పట్టేసుకుంటుంది.

ఆ అయస్కాంతం సరైన గదిలోకి చేరిందో లేదో తెలుసుకోవడానికి ఆవిడ చెప్పిన చిట్కా నాకు భలే నచ్చింది. మర్నాడు ఎడమ మోచేతి వెనక, పక్కటెముకల దగ్గర దిక్సూచి పెట్టి చూడమన్నారు. దిక్సూచి ఎక్కడుంది? ఫోన్‌లో ఉన్నదే తెరిచాను. కొట్టంలో ఇనుప స్తంభాల మధ్య అది పిచ్చిపట్టినట్టు తిరిగింది. చుక్కిని చెట్టు కిందికి తీసుకెళ్ళి మళ్ళీ పెట్టాను. ఉత్తరం చూపిస్తున్న ముల్లు, ఫోన్‌ని మోచేతికి దగ్గరగా తీసుకెళ్ళేకొద్దీ చుక్కి వైపు తిరిగింది. వెనక్కి తీస్తే మళ్ళీ ఉత్తరం. పదిసార్లు చేసి ఉంటాను.

ఐదో రోజు ఒక మోపు గడ్డి తింది, పొద్దున పాలు ఐదు లీటర్లకి పెరిగాయి. ఏడో రోజుకి మళ్ళీ మొదటికొచ్చింది. జ్వరం 103.6. రక్తపరీక్షలో తెల్లకణాలు బాగా పెరిగాయి. ఇక పెద్ద పశువైద్యశాలకి తీసుకెళ్ళమన్నారు, అక్కడ పెద్ద పశువుల ఎక్స్‌రే ఉంటుంది. ప్రయాణం సంగతి రాయను. వ్యాన్‌లో ప్రతి కుదుపుకీ అది మూలుగుతుంటే దారంతా నేను చేతివేళ్ళు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను.

ఎక్స్‌రేలో మొదట కనిపించింది అయస్కాంతం. రెటిక్యులం అడుగున అడ్డంగా, తెల్లగా, దాని ఒంటినిండా చిన్న చిన్న ముళ్ళలా ఇనుపరజను. దానికి నాలుగు వేళ్ళ పైన ఒక సన్నని గీత, ఏటవాలుగా. దాని మొన గది అంచు దాటి ముందుకి పొడుచుకుని ఉంది. అయస్కాంతం తన పని తాను చేసింది, కానీ ఈ తీగ అప్పటికే గోడలో పాతుకుపోయింది, చుట్టూ కండ పట్టేసింది. అల్ట్రాసౌండ్‌లో గుండె సంచి చుట్టూ నీరు లేదని తేలింది. ఆపరేషన్ ఖాయమైంది.

ముందురోజు మేత ఆపారు. ఆ సాయంత్రం అక్కడి డాక్టర్ చుక్కి రూమెన్‌లోంచి ట్యూబుతో కాస్త నీరు తీసి మైక్రోస్కోపు కింద పెట్టి నన్ను చూడమన్నారు. పొట్టలో గడ్డిని అరిగించేది ఆవు కాదట, లోపలున్న కోట్లాది సూక్ష్మజీవులు. నాకు కనిపించింది దాదాపు ఖాళీ. ఎక్కడో ఒకటి రెండు గుండ్రటివి నెమ్మదిగా దొర్లుతున్నాయి. తర్వాత పక్కనున్న ఆరోగ్యమైన ఆవు నుంచి తీసిన చుక్క పెట్టారు. చెప్పాలంటే సంత. పెద్దవి, చిన్నవి, తోకలున్నవి ఒకదాన్నొకటి గుద్దుకుంటూ పరుగెడుతున్నాయి. వారం రోజులు మేత లేక చుక్కి పొట్టలో ఆ ఊరంతా ఖాళీ అయిపోయింది. నేను ఆ మొదటి రెండు రోజులు అరుగుదల పొడులు పోసింది ఆ ఖాళీలోకి.

ఆపరేషన్‌కి మత్తు ఇచ్చి పడుకోబెడతారనుకున్నాను. నిలబెట్టే చేస్తారు. పెద్ద ఆవుని పడుకోబెడితే ఉబ్బరం వస్తుంది, పొట్టలో నీరు గొంతులోకి ఎగదన్ని ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఇనుప పైపుల చట్రంలో నిలబెట్టి, ఎడమ డొక్క మీద వెంట్రుకలు గీసి, మందు నీళ్ళతో మూడుసార్లు కడిగారు. ఎల్ అక్షరాన్ని తలకిందులు చేసినట్టు వరసగా మొద్దుబారే ఇంజెక్షన్లు ఇచ్చారు. కాసేపాగి సూదితో గుచ్చితే చుక్కికి పట్టింపే లేదు. చెవులు మాత్రం ఆడిస్తోంది.

నన్ను తల దగ్గర నిలబెట్టారు, పలుపు పట్టుకోవడానికి. అక్కడి నుంచి వంగి చూస్తే అన్నీ కనిపిస్తున్నాయి. చర్మం జానెడుకి పైగా కోశారు. కింద మూడు పొరల కండరాలు, ఒక్కోదాని నార ఒక్కో దిక్కుకి. వాటి కింద సన్నటి పొర. అది తెరవగానే బూడిద, గులాబీ కలిసిన రంగులో రూమెన్ గోడ. దాన్ని కొంత బయటికి లాగి, కోయడానికి ముందే చుట్టూ చర్మానికి కుట్టేశారు. లోపలి సరుకు ఒక్క చుక్క కడుపులో పడినా చీము పట్టేస్తుందని. తర్వాత రూమెన్‌ని కోశారు. ముందు గాలి వచ్చింది, పులిసిన గడ్డి వాసన. పైన తేలుతున్న గడ్డి తెట్టు, దాని కింద పచ్చటి నీరు. నాలుగు బకెట్లు తోడారు. పెద్ద ఆవు రూమెన్‌లో 150 లీటర్లకి పైగా పడుతుందని చదవడం వేరు, బకెట్లు వరసగా నిండుతుంటే చూడటం వేరు.

తర్వాత సర్జన్ భుజం దాకా తొడుగు వేసుకుని చెయ్యి లోపలికి పెట్టారు. చెయ్యి పోతూనే ఉంది, చెంప చుక్కి పక్కటెముకలకి ఆనింది. కళ్ళు మూసుకున్నారు. అంతా చేతి స్పర్శ మీదే.

"ఇదిగో తేనెపట్టు... అయస్కాంతం దొరికింది... అడుగున ఇసుక..."

రెటిక్యులం గోడని అంగుళం అంగుళం చొప్పున చిటికెలో పట్టి పైకి లాగి చూస్తారట. బాగున్న చోట గోడ సులువుగా పైకి లేస్తుంది. లేవని చోట అవతలి వైపు ఏదో అతుక్కుని ఉన్నట్టు. కాసేపటికి ఆయన మాట్లాడటం ఆపేశారు. చుక్కి ముందుకాలు మార్చి పెట్టింది. నేను దాని నుదుటి మీది తెల్లచుక్కనే రుద్దుతున్నాను, ఎందుకో తెలీదు.

"పట్టా" అన్నారు.

బయటికి తీసిన తీగముక్క 8 సెంటీమీటర్లు. ఒక చివర నల్లబడి సూదిలా ఉంది. ఇంకో చివర కొక్కెంలా వంగి, రెండు చుట్లు మెలితిరిగి ఉంది. దాన్ని ట్రేలో పడేస్తే టింగుమంది. అయస్కాంతాన్ని కూడా తీసి, దానికి అంటుకున్న రజను, రెండు చిన్న మేకులు తుడిచి, మళ్ళీ లోపల పెట్టేశారు. అది ఇక జీవితాంతం అక్కడే ఉంటుంది.

మూసే ముందు ఆరోగ్యమైన ఆవు రూమెన్ నీరు పది లీటర్ల దాకా పోశారు. నిన్న చూసిన సంత మొత్తం అలా చుక్కి పొట్టలోకి వచ్చింది. రూమెన్‌ని అంచులు లోపలికి మడిచి రెండు వరసల కుట్లు వేశారు. ఆ తర్వాత చేతి తొడుగులు, పనిముట్లు అన్నీ మార్చారు. అప్పటిదాకా మురికి పని, ఇక్కడి నుంచి శుభ్రమైన పని అన్నమాట. కండరాలు, చర్మం. మొత్తం రెండు గంటలు పట్టింది.

తర్వాతి రోజుల గురించి చెప్పడానికి పెద్దగా లేదు. ఐదు రోజులు ఇంజెక్షన్లు, ఆ మందుల గడువు తీరేదాకా పాలు పారబోయడం, పన్నెండో రోజు కుట్లు విప్పడం. మొదటి రెండు రోజులూ గుప్పెడు పచ్చిగడ్డి తినడమే గొప్ప.

మూడో రోజు సాయంత్రం మాత్రం చెప్పాలి. పక్కన కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాను. చుక్కి మెడ ఎడమవైపు చర్మం కింద ఏదో ముద్ద కిందినుంచి పైకి సర్రున పాకింది. దవడ పక్కకి కదిలింది. మళ్ళీ కదిలింది. లెక్కపెట్టడం మొదలుపెట్టాను. 52 సార్లు నమిలి మింగింది, ఒక్క క్షణం ఆగింది, ఇంకో ముద్ద పైకొచ్చింది. అత్తయ్యకి ఫోన్ చేసి "నెమరేస్తోంది" అన్నాను. అటువైపు నుంచి ఏమీ వినిపించలేదు, తర్వాత ముక్కు చీదిన చప్పుడు.

తీగముక్కని ఒక సీసాలో వేసి ఇచ్చారు. ఇంటికొచ్చాక దాన్ని తీసి చూస్తూ, ఆ మెలిక ఎక్కడో చూసినట్టుందే అనుకున్నాను. ఎక్కడో కాదు. గడ్డిమడి చుట్టూ కంచె తెగిన చోటల్లా కట్లు కట్టింది నేనే. పటకారుతో రెండు చుట్లు తిప్పి, కొస కత్తిరించి, ఆ ముక్క అక్కడే పడేయడం నా అలవాటు. కంచె పక్క గడ్డి ఏపుగా ఉంటుందని కోసుకొచ్చి కట్టర్‌లో వేసేదాన్ని. పొడవాటి తీగ అయినా కట్టర్ దాన్ని గుచ్చుకోవడానికి వీలైన సైజులో కోసిపెడుతుంది. సీసా పట్టుకుని కంచె దగ్గరికి వెళ్ళి పోల్చి చూశాను. అదే తీగ, అదే రెండు చుట్లు. మా మరిది చెయ్యైతే మూడు చుట్లు తిప్పుతాడు.

పాత స్పీకర్‌లోంచి తీసిన అయస్కాంతానికి తాడు కట్టి కంచె పొడుగునా ఈడ్చుకుంటూ నడిచాను. మొదటిరోజు 41 ముక్కలు. కట్టర్ నోటి దగ్గర, గడ్డి జారే పలక మీద కూడా ఒక అయస్కాంతం బిగించాం. కొట్టంలో మిగతా ఆవులకీ గన్‌తో అయస్కాంతాలు వేయించాం.

చుక్కి ఇప్పుడు రోజుకి పదకొండు లీటర్ల దగ్గర ఉంది. జబ్బుకి ముందు రెండు పూటలా కలిపి ఇచ్చిన పద్నాలుగు మళ్ళీ చూడలేదు. పల్లం మాత్రం మిగతావాటికన్నా ముందు దిగుతుంది.

మొన్న దాని పెయ్యకి పద్నాలుగు నెలలు నిండాయని దానికీ అయస్కాంతం వేయించాం. మూడుసార్లు ఉమ్మేసింది, నాలుగోసారి మింగింది. మర్నాడు పొద్దున్నే దాన్ని చెట్టు కిందికి తోలుకెళ్ళి మోచేతి వెనక ఫోన్ పెట్టాను. అది ఒకచోట నిలబడితేగా. అత్తయ్య మెడ పట్టుకుని నిలబెట్టారు.

"చేరిందా?"

ముల్లు కాసేపు ఊగి పెయ్య వైపు తిరిగి ఆగింది.

"చేరింది అత్తయ్యా."

"ఇంకోసారి చూడు" అన్నారు.